సుశీల టీచర్‌తో హంసలదీవి, ముప్పై ఏళ్లు ఆలస్యంగా

గుడివాడలో నేను పదో తరగతి చదివేటప్పుడు సుశీల టీచర్ తమ ఇంటి వరండాలో ఆరుగురు ఆడపిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పేవారు. డిసెంబరు పరీక్షలయ్యాక మమ్మల్ని హంసలదీవి తీసుకెళ్లి, కృష్ణ సముద్రంలో కలిసే చోటు పడవలో చూపిస్తానన్నారు. నాకు నీళ్లంటే చచ్చేంత భయం. అది చెప్పుకోవడానికి సిగ్గేసి, బయల్దేరే ముందురోజు మా నాన్నతో, "పడవ సంగతి ఇంట్లో చెప్పొద్దన్నారు టీచర్" అని అబద్ధమాడాను. నాన్న ఆవిడ గుమ్మంలో నిలబడి వీధంతా వినిపించేలా కేకలేశారు. ప్రయాణం ఆగిపోయింది. మర్నాడు టీచర్ బోర్డు మీద థ్వార్ట్, ఫాయిల్, స్టైమీ అని మూడు మాటలు రాశారు. "అనుకున్న పని చెడిపోవడానికి ఇంగ్లీషులో ఉన్న మాటలు ఇవి. ఎలా చెడిందన్నదాన్ని బట్టి మాట మారుతుంది" అన్నారు. తల దించుకుని రాసుకున్నాను. ఆ తర్వాత ఒక్కొక్కరే ట్యూషన్ మానేశారు. వేసవికల్లా టీచర్ గుడివాడ వదిలి అవనిగడ్డలో వాళ్ల తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయారు.

పోయిన నెలలో పాత స్నేహితురాలి దగ్గర ఆవిడ నంబరు దొరికింది. ఫోన్ చేస్తే, "రమా! ఎప్పుడొస్తావే? ఈసారైనా హంసలదీవి వెళ్దాం" అన్నారు. అసలు సంగతి ఫోన్‌లో చెప్పలేకపోయాను.

గుడివాడ నుంచి పామర్రు, కూచిపూడి, మొవ్వ మీదుగా వెళ్తే అవనిగడ్డ దగ్గర. నేను మాత్రం ఉదయం ఆరింటికి బందరు బస్సెక్కాను. టీచర్‌కి బందరు లడ్డు కొనాలన్నది పైకి చెప్పుకున్న కారణం. చెప్పాల్సిన మాటలు కూర్చుకోవడానికి టైము కావాలన్నది అసలు కారణం. పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. పెడన దాటేసరికి ఎండ వచ్చింది. కోతలైన పొలాల్లో కుప్పలు, గట్ల మీద కొంగలు. కిటికీ పక్కన కూర్చుంటే రెండు జడల రోజులు, వరండాలో చాపలు, టీచర్ చేతికంటిన సుద్దపొడి అన్నీ గుర్తొచ్చాయి. బందరులో ఇడ్లీ తిని, అరకిలో లడ్డు కట్టించుకుని, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ చేరేసరికి పది దాటింది.

టీచర్ గుమ్మంలోనే ఉన్నారు. జుట్టంతా నెరిసింది, మోకాళ్ల నొప్పులు, చేతిలో కర్ర. గొంతు మాత్రం అదే. "అంత చిన్న పిల్లవి, కళ్లజోడు కూడా వచ్చేసిందే!" అని నా చెంప నిమిరారు. కోడూరు మీదుగా హంసలదీవి వెళ్లి రావడానికి ఆటో డ్రైవరు పన్నెండు వందలు అడిగి, చివరికి వెయ్యికి ఒప్పుకున్నాడు. అక్కడి గుడి దగ్గర దణ్ణం పెట్టుకుని, పాలకాయతిప్ప తీరం వైపు ఇసుక దారి పట్టాం. కాసేపటికే ఆటో ఆగిపోయింది. ఎదురుగా దారి మీదంతా నీళ్లు.

"సముద్రం పోటు మీదుందమ్మా. ఇంక బండి వెళ్లదు" అన్నాడు డ్రైవరు.

టీచర్ నా వైపు తిరిగారు. "దీన్నేమంటారు, చెప్పు?"

"థ్వార్ట్?"

"కాదు. అది ఎవరైనా అడ్డుపడితే. ఇది స్టైమీ. దారి కనపడక నిలబడిపోయాం, అంతే. ఇంకా ఓడిపోలేదు."

"మరి ఆ రోజు నేను చేసిందాన్ని ఏమంటారు టీచర్? నాన్నతో అబద్ధం చెప్పింది నేనే. నీళ్లంటే భయమై."

"ఫాయిల్. చివరి నిమిషంలో చెడగొట్టడం" అన్నారు. "నాకు తెలుసే. 'మా అమ్మాయే చెప్పింది' అని మీ నాన్నగారు ఆ రోజే అన్నారు."

"మీరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు!"

"కోపం రాలేదనుకోకు. చాలా ఏళ్లు ఉంది. కానీ పదిహేనేళ్ల పిల్లని అందరి ముందూ నిలబెట్టి ఏం చేసుకోను?"

నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు, ఏడవనిచ్చారు.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక జాలరి లేచొచ్చారు, పేరు నాంచారయ్య గారట. "పాయలోంచి పడవ మీద వెళ్లిపోవచ్చండి. పావుగంట. ఇద్దరికీ ఆరు వందలివ్వండి" అన్నారు. లైఫ్ జాకెట్లున్నాయా అని రెండుసార్లు అడిగాను. ఉన్నాయి. బోర్లించిన చేపల పెట్టె మీద కాలు పెట్టి, నాంచారయ్య గారి భుజం పట్టుకుని టీచర్ ముందు ఎక్కారు. తర్వాత చెయ్యి చాపారు. ఎక్కాను. దారంతా ఆ చెయ్యి వదల్లేదు.

నది మట్టిరంగు, సముద్రం నీలిరంగు కలిసే చోట ఇంజను ఆపారు. "మీరు ఎన్నిసార్లు వచ్చుంటారో కదా టీచర్" అన్నాను.

"ఇదే మొదటిసారి. ఇంత దగ్గర్లో ఉండి కూడా, మిమ్మల్ని తీసుకొద్దామనుకున్న చోటికి ఒక్కదాన్నే రాబుద్ధి కాలేదు" అన్నారావిడ, నీళ్ల మీంచి చూపు తిప్పకుండా.

ఆగిపోయిన ప్రయాణం ఒక్క రోజుతో ముగిసిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. అది ఆవిడకి ట్యూషన్‌ని, ఊరిని, ఎదురుగా ఉన్న సముద్రాన్ని కూడా దూరం చేసింది. అరగంట పడవ ప్రయాణంతో అవేవీ తిరిగి రావు. అయినా తిరిగొచ్చేటప్పుడు టీచర్ లడ్డు పొట్లం విప్పి, ముందు నాంచారయ్య గారికి, తర్వాత నాకు పెట్టి, తనూ నోట్లో వేసుకుని, చిన్నపిల్లలా వేళ్లు నాక్కున్నారు. ఆ రోజు నాకు అది చాలు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక సూచన: అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ. కోడూరులోనే ఆగి నీళ్లు ఎప్పుడు వెనక్కి తీస్తాయో అడిగి బయల్దేరండి. పడవ ఎక్కాల్సి వస్తే, పక్కవాళ్లకు చెప్పుకోవాల్సిన మాటలు ఒడ్డునే చెప్పేసుకోండి. ఇంజను మోతలో ఏమీ వినపడదు.