ఎర్ర తేలు మా ఇంట్లోకి ఎలా వచ్చిందో మా రాహేలక్కకి తెలుసు

నేను చెప్తుంటే మా మనవరాలు టైప్ చేస్తోంది. నాకు తొంభై ఐదు. చేతులు వణుకుతాయి.

నిన్న పొద్దున్నే తాడేపల్లిగూడెం నుంచి ఫోన్. "రాహేలమ్మగారు పోయారండీ."

మా అక్క. నూరేళ్ళు నిండటానికి ఇంకొక్క నెల.

వినగానే నా నోట్లోంచి "హమ్మయ్య" అని వచ్చింది.

ఇంట్లో అందరూ షాకై నా వైపు చూశారు. ఎందుకలా అన్నానో చెప్పాలి. ఈ గ్రూపులో ఉన్నది మనవాళ్ళే కదా.

మాది దెందులూరు దగ్గర పల్లె. నాన్నగారు మిషన్ బడిలో పంతులు. అక్క ఏలూరులో హాస్టల్లో ఉండి చదివేది. 1930ల మాట. నాకప్పుడు ఏడేళ్ళు, తనకి పన్నెండు.

సెలవులకొస్తే అక్క తేళ్ళు పట్టేది!

కర్రతో పట్టి, కుండలో ఇసక పోసి అందులో పెట్టేది. వాళ్ళ సైన్స్ టీచరు పాత పుస్తకం ఒకటి ఇచ్చారట. అందులో చూసి నోట్‌బుక్‌లో బొమ్మలు వేసేది.

"రంగు చూసి చెప్పకూడదే. తిరగేసి కాళ్ళ మధ్య పలక చూడాలి. త్రికోణంగా ఉంటే ఒక ఫ్యామిలీ, ఐదు మూలలుంటే ఇంకో ఫ్యామిలీ. ముందు డెక్కలు లావుగా ఉండే నల్ల మండ్రగబ్బలు ఐదు మూలలవి. చూడ్డానికే భయం. సన్న డెక్కల ఎర్రది త్రికోణం. చిన్నదే, కానీ పిల్లల్ని చంపేస్తుంది."

కుండలో ఉన్నవి రెండూ మండ్రగబ్బలే.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం అమ్మ నన్ను పిడకలు తెమ్మంది. ఒక్కొక్కటీ దులిపి తెమ్మని అక్క రోజూ చెప్పేది. నాకు ఆట మీద ధ్యాస. గంప నిండా వేసుకొచ్చి పొయ్యి దగ్గర కుమ్మరించి పరిగెత్తాను.

అక్కడే మా తమ్ముడు దానియేలు ఆడుకుంటున్నాడు. నాలుగేళ్ళ వాడు.

కేక విని వెనక్కొచ్చాను. పిడకల మీద నుంచి దిగుతోంది ఎర్ర తేలు. నాన్నగారు చెప్పుతో కొట్టారు.

పక్కింటావిడ వచ్చి చూసి, "చిన్న తేలేనండీ, ఉల్లిపాయ రుద్దండి, తగ్గిపోద్ది" అంది.

అక్క చచ్చిన తేలును పుల్లతో తిరగేసింది. "నాన్నగారూ, ఇది త్రికోణమండీ. ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్దామండీ, బండి కట్టించండి."

ఆయన వినలేదు. ఉల్లిపాయ రుద్దారు. ప్రార్థన చేశారు.

చల్లటి చెమటలు. వాంతులు. నోట్లోంచి నురగ.

దీపాలు పెట్టేవేళకి వాడు లేడు.

వచ్చినవాళ్ళలో ఎవరో అన్నారు, "ఇంట్లో తేళ్ళు పెంచితే ఇంకేమవుద్దండీ" అని. అంతే. అందరూ అక్క వైపు తిరిగారు.

అక్క కుండ తెచ్చి నాన్నగారి ముందు పెట్టింది. "చూడండి నాన్నగారూ, రెండూ ఉన్నాయి. రెండూ ఐదు మూలలవే. కుట్టింది నాది కాదండీ."

చెంప పగలగొట్టారు. "తమ్ముడు చచ్చిపడుంటే మూలలు లెక్కపెడతావా!"

తర్వాత నన్ను దగ్గరికి పిలిచారు. "నువ్వు చెప్పమ్మా. మధ్యాహ్నం కుండ మూత తీసుందా?"

మూత వేసే ఉంది. పైన రాయి కూడా ఉంది. నేను చూశాను.

"తీసే ఉందండీ" అన్నాను.

ఆయన కుండలో కిరసనాయిలు పోసి అంటించారు. నోట్‌బుక్ కూడా అందులోనే వేశారు. అక్క ఏడవలేదు. నా వైపే చూస్తూ నిలబడింది.

మళ్ళీ ఏలూరు పంపలేదు. మూడేళ్ళకి, ఇద్దరు పిల్లలున్న రెండో సంబంధం వాడికిచ్చి తాడేపల్లిగూడెం పంపేశారు. తమ్ముణ్ణి చంపిందన్న మాట ఆవిడకంటే ముందే అత్తారింటికి చేరింది. సవతి పిల్లల్ని చాన్నాళ్ళు తాకనివ్వలేదట.

నేను చదువుకున్నాను. హైస్కూల్ టీచర్‌గా రిటైరయ్యాను. సైన్స్ టీచర్‌ని.

కిందటేడు ధైర్యం చేసి వెళ్ళాను.

"అక్కా, ఆ రోజు మూత వేసే ఉంది. అబద్ధం చెప్పాను."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఆ రోజు నుంచే. గంపెడు పిడకలు కుమ్మరించి ఉన్నాయి. నువ్వు దులపలేదు."

"మరి నాన్నగారికి చెప్పలేదేం?"

"చెప్తే నిన్ను కొట్టేవారు. నన్నెలాగూ కొట్టేశారు. ఏడేళ్ళ దానివి."

ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చాను. "అయితే నన్ను క్షమించావా అక్కా?"

చేతులు వెనక్కి తీసుకుంది.

"లేదే. చెప్పనంత మాత్రాన క్షమించినట్టా?"

కోపంగా అనలేదు. టైమెంతయిందో చెప్పినట్టు చెప్పింది. కోడల్ని పిలిచి నాకు కాఫీ ఇమ్మంది.

మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. అడగటానికి ఇంకేం లేదు. నిన్న ఫోన్ రాగానే, ఇక ఆ మొహం చూడక్కర్లేదని "హమ్మయ్య" అన్నాను.

కింద "గొప్ప అక్కాచెల్లెళ్ళు" అని ఎవరూ కామెంట్ పెట్టకండి.

వెళ్ళు రాహేలక్కా. దేవుడు నీకు శాంతినివ్వాలి. నా సంగతి అడక్కు.