తలుపు దగ్గరి మనిషి

ఉదయం 9.40కి రాజవొమ్మంగి మైదానం నుంచి లేచాం. చింతూరు దాటాక శబరి వరద చుట్టుముట్టిన ఊరు సుమారు 95 కిలోమీటర్లు, 10.12కి చేరాం. పన్నెండు మీటర్ల ఎత్తున నిలిచి, పద్దెనిమిది మీటర్ల తాడుతో బియ్యం బస్తాలు దించాలి.

హెలికాప్టర్‌లో పైలట్ కాక ఇద్దరం: తెరిచిన తలుపు దగ్గర నిలబడి, కింద ఏముందో పైలట్‌కు చెబుతూ బస్తాలు దించేవాడు, వెనక నుంచి అందించేవాడు. పదకొండేళ్లు ఆ తలుపు నాది. ఆ వర్షాకాలం పైలట్ దాన్ని అరకు నుంచి వచ్చిన కొత్తవాడికిచ్చాడు. "అతని గొంతు వింటుంటే నాకు కంగారుండదు" అన్నాడు. నా గొంతు గురించి ఏనాడూ ఏమీ అనలేదు.

మా పనిలో తలుపు దగ్గరివాడు తన ఒంటికి బిగించిన హార్నెస్ పట్టీ కొక్కేన్ని తాను తగిలించుకోకూడదు. రెండోవాడు దాన్ని హెలికాప్టర్ నేలమీది రింగుకు తగిలించి, రెండుసార్లు గుంజి, భుజం తట్టాలి. నా స్థానం తీసుకున్నవాణ్ణి రోజూ నేనే అక్కడ భద్రంగా కట్టేవాణ్ణి. నడుము గడప దాటనంత పొడవే పట్టీకి ఉంచాను, నిబంధన అదే.

"ఏటన్నా, ఇంత పొట్టిగా కట్టీసినావు? మేకననుకున్నావేటి?"

"మేకైతే కట్టినచోటే మేస్తుంది."

అతను నవ్వాడు. ఆ నవ్వూ అందరికీ నచ్చేదే.

మూడో బస్తా దిగాక తాడు పైకి రాలేదు. కింద ఇద్దరు దాని కొసను ఒడ్డునున్న మద్దిచెట్టుకు చుట్టి ముడివేస్తున్నారు. గాలి తోసింది. తాడు బిగిసి హెలికాప్టర్ ఒరిగింది.

"చెట్టుకి కట్టీసినారు. కోసేత్తన్నాను," అన్నాడతను కత్తి తీసి, టీ అడిగినంత తాపీగా. తాడు తెగిన కుదుపుకు కాళ్లు జారి బయటికి పోయాడు. పట్టీ బిగుసుకుంది, నడుము గడప మీదే ఆగింది. లోపలికి లాగాను.

మైదానంలో దిగగానే పైలట్ అతన్ని కౌగిలించుకున్నాడు. "అన్న లోపలికి లాగకపోతే శబరిలో ఉండీవోణ్ణి" అని అతను అందరికీ చెప్పాడు. ఆ మంచితనమూ నాకు ముల్లులా గుచ్చుకుంది. రేపు తలుపు నాకివ్వమని పైలట్‌ను అడిగాను. "ఇక అది అతనిదే" అన్నాడు.

నీరు తీశాక ఆ ఊళ్లో దిగాం. "పడవ ఊగితే చెట్టుకు కట్టమా సారూ? ఇదీ ఊగుతుంటే కట్టినం," అన్నాడు ఊరిపెద్ద. తేనెసీసా పట్టుకుని నన్ను దాటి అతని దగ్గరికి నడిచాడు.

ఆనాటి నష్టం: కోసిన తాడు ఒకటి, నదిలో పడిన కత్తి ఒకటి, ఒకసారి మనిషి బరువును ఆపింది గనుక వాడకం నుంచి తీసేసిన హార్నెస్ ఒకటి. గాయాలు లేవు. నావరకు, తలుపు.