గుంట పడని కాలు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరైనా టెక్కలి వెళ్లి స్కానింగ్ తీయించుకుని వచ్చారంటే, వాళ్ల ఇంటి ముందు నుంచి నడిచేవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. మాది వజ్రపుకొత్తూరు దగ్గర ఒక ఉద్దానం పల్లె. కొబ్బరితోటల మధ్య ఇళ్లు, తోటలు దాటితే జీడిమామిడి చెట్లు, అవీ దాటితే సముద్రం. బయటి నుంచి వచ్చినవాళ్లు ఎంత పచ్చగా ఉందో అనేవారు. ఆ పచ్చదనంలోనే నలభై దాటని మగవాళ్లు కాళ్లు వాచి, మొహాలు ఉబ్బి, ఒకరి తర్వాత ఒకరు మంచం పట్టేవారు. అది కిడ్నీల జబ్బని అప్పటికి అందరికీ తెలుసు. ఎందుకొస్తోందో మాత్రం ఎవరికీ తెలియదు. కొందరు నీళ్ల వల్ల అనేవారు, కొందరు ఎండ వల్ల అనేవారు.

మా తమ్ముడు పుట్టిన ఏడు నాకు పదేళ్లు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. అమ్మకి కాన్పు తేలిగ్గానే అయింది. మగపిల్లాడని నాయనమ్మ పొంగిపోయి బాలింత పథ్యమంతా తనే దగ్గరుండి వండేది. వెల్లుల్లి కారంలో నువ్వులనూనె, వేడన్నంలో నెయ్యి. బాలింతకి ఒళ్లు గట్టిపడాలని ముద్ద ముద్దకీ ఇంకాస్త వేసేది. నెల తిరక్కుండానే, అన్నం తిన్న గంటకల్లా అమ్మకి కుడి డొక్క కింద నొప్పి మొదలయ్యేది. అది వీపులోకి పాకేది. చాప మీద ముడుచుకుపోయి, అరుపు బయటికి రాకుండా కొంగు పళ్ల మధ్య పెట్టుకునేది. బాలింత వాతం అనుకుని నాయనమ్మ మర్నాడు మరో చెంచా నెయ్యి కలిపేది.

కళ్లు పచ్చబడ్డాక నాన్న అమ్మని టెక్కలి తీసుకెళ్లాడు. స్కానింగ్‌లో పిత్తాశయం నిండా రాళ్లు కనిపించాయి. కడుపుతో ఉన్నప్పుడు కొందరు ఆడవాళ్లకి ఇలా అవుతుందని, ఆపరేషన్ చేసి ఆ సంచి తీసెయ్యాలని, అప్పటిదాకా నూనె, నెయ్యి తగలనివ్వకూడదని డాక్టరుగారు చెప్పారట. నాన్న ఆ మాట ఇంటికొచ్చి చెప్పినప్పుడు నాయనమ్మ పొయ్యి దగ్గరే కూర్చుండిపోయింది. తరవాత లేచి నెయ్యి గిన్నె తీసుకెళ్లి ఎవరికో ఇచ్చేసి వచ్చింది. ఆ రోజు నుంచి చాలాకాలం ఆవిడ అమ్మ కళ్లలోకి చూసి మాట్లాడలేదు.

ఆపరేషన్ శ్రీకాకుళంలో జరిగింది. ఆసుపత్రిలో పసివాడు ఎందుకని తమ్ముణ్ణి మా దగ్గరే ఉంచారు. వాడికి రెండు నెలలు. నాయనమ్మ ఆవుపాలలో నీళ్లు కలిపి కాచి, ఉగ్గుగిన్నెతో పట్టేది. నేను బడి మానేసి వాణ్ణి ఒళ్లో పెట్టుకు కూర్చునేదాన్ని. పన్నెండో రోజున పలాస నుంచి ఆటోలో, పొట్టకి దిండు అదిమి పట్టుకుని అమ్మ తిరిగొచ్చింది. ఆటో గతుకులో పడ్డప్పుడల్లా ఆమె ప్రాణం పోయి వచ్చినట్టయిందని నాన్న చెప్పాడు. రొమ్ము కింద నుంచి కుడి పక్కకి జానెడుకి పైగా కోత. మూడు నెలలు బిందె కాదు కదా, బిడ్డని కూడా ఎత్తకూడదన్నారు.

తమ్ముణ్ణి తీసుకెళ్లి ఆమె ఎడమ పక్కన పడుకోబెట్టాం. వాడు మొహం తిప్పుకుని ఏడ్చాడు. పాలు కూడా ఎండిపోయాయి. రెండు రోజులు ప్రయత్నించి, మూడో రోజున అమ్మే "తీసీయండి ఆడిని" అంది.

అక్కడి నుంచి ఆమె తిండి మానేసింది. నాయనమ్మ పోపు లేని చారు, మెత్తటి గంజి తెచ్చి పక్కన పెట్టేది. గంట తరవాత అలాగే తీసుకెళ్లేది. అమ్మ మనసులో ఏముందో మా అందరికీ తెలుసు. మా ఊళ్లో రాళ్లన్నా, స్కానింగన్నా, ఆపరేషనన్నా ఒకటే జబ్బు. తన లోపల నుంచి తీసేసింది కిడ్నీ అని, అందరం కలిసి దాస్తున్నామని ఆమె నమ్మింది. డాక్టరుగారు చిన్న సీసాలో వేసిచ్చిన రాళ్లు నాన్న చూపిస్తే, "ఎవరివో తెచ్చి సూపిత్తన్నావు" అంది. నాన్న ఒట్టు పెట్టాడు. ఆమె నవ్వింది. అంతకు రెండేళ్ల ముందే ఆమె సొంత అన్న ఆ జబ్బుతో పోయాడు. ఆయన మంచం పక్కన కూర్చుని, చివరి రోజు దాకా "నీకేటీ నేదన్నా" అని చెప్పింది మా అమ్మే. ఆ మాటకి అర్థమేమిటో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఒక మధ్యాహ్నం నాన్న పలాసలో జీడిపిక్కల పనికి పోయి ఉండగా, నాయనమ్మ దొడ్లో బట్టలు ఉతుకుతుండగా, అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. పాలలో ఎన్ని నీళ్లు కలపాలో, ఎన్ని పొంగులు రానివ్వాలో, మోచేతి లోపలి వైపు చుక్క వేసుకుని వేడి ఎలా చూడాలో మెల్లగా చెప్పింది. నాచేత తిరిగి చెప్పించుకుంది. వాడికి జ్వరమొస్తే తడిబట్ట ఎక్కడ వెయ్యాలో చెప్పింది. మీ నాయనమ్మ ముసలిది, ఎన్నాళ్లుంటాదో తెలీదు, ఆడిని నువ్వే సూడాల అంది. ఏడవకుండా చెప్పింది. నాకు భయం వేసింది అందుకే.

బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోయి ఏడ్చాను. ఆ పక్కిల్లు మావ వాళ్లది. ఆయన మాకు చుట్టం కాదు. అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది కాబట్టి నాకు మావ. ఒకప్పుడు మా చుట్టుపక్కల ఆయనంత వేగంగా కొబ్బరిచెట్టు ఎక్కేవాడు లేడట. నాకు గుర్తున్నప్పటికి ఆయన ఎక్కడం మానేశాడు. జబ్బు పట్టి అప్పటికి రెండో ఏడు. పలాసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లి రక్తం శుద్ధి చేయించుకుని వచ్చేవాడు. రోజుకి ఇన్నే నీళ్లు తాగాలని చెప్పారని, ఒక చిన్న సీసా నింపుకుని, ఎండలు మండుతున్నా దాంతోనే పొద్దుగడిపేవాడు. మగవాళ్లంతా లుంగీ మోకాళ్ల పైకి కట్టుకుని తిరిగే ఊళ్లో ఆయన ఒక్కడే మడమల దాకా దించి కట్టుకునేవాడు.

చూరు కింద కూర్చున్న ఆయన నన్ను చూసి, "ఏటైంది బుల్లీ" అన్నాడు. అమ్మ పాలు కాచడం నేర్పిన సంగతంతా చెప్పాను. "మీ అమ్మ కాళ్లు వాసినాయా" అని అడిగాడు. తెలియదన్నాను. "నువ్వెల్లు, నానొస్తాను" అన్నాడు.

ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్య ముప్పై అడుగులుంటాయేమో. మూడుచోట్ల ఆగి వచ్చాడు. నాయనమ్మ కంగారుగా పీట వేసి, అలవాటుగా చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన పెదాలు తడుపుకుని చెంబు పక్కన పెట్టేశాడు. అమ్మ లేవబోయింది.

"లెగొద్దు సెల్లీ. నీకేటీ నేదని సెప్పడానికి నాను రానేదు. మీ అన్నకి అందరం అదే సెప్పినాం. నానూ సెప్పినాను. నువ్వే కళ్లతో సూసుకో."

ఆయన పీట మీద కూర్చుని, కాలు ముందుకి చాపి, లుంగీ మోకాలి దాకా పైకి తీశాడు. ఆ కాలు నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. నున్నగా, మెరుస్తూ, లోపల నీళ్లు నింపినట్టుంది.

"బుల్లీ, ఇలా రా. ఈ ఎముక పక్కన బొటనేలుతో నొక్కు. నాను సాలనేదాకా తియ్యకు."

నొక్కాను. తడి ఇసకలో నొక్కినట్టు వేలు లోపలికి దిగింది. చాలన్నాక తీశాను. వేలు దిగినచోట గుంట అలాగే ఉండిపోయింది. ఒక చింతపిక్క పట్టేటంత గుంట. అది ఎంతకీ పూడలేదు.

"మీ అన్నకీ ఇలాగే పడేది. నీకు గుర్తుంటాది," అన్నాడు అమ్మతో. అమ్మ తలూపింది. "బుల్లీ, ఇప్పుడు మీ అమ్మ కాలు నొక్కు."

అమ్మ కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. ఆయన కాలు నొక్కినంతసేపూ నొక్కి వేలు తీశాను. తెల్లబడ్డ చర్మం ఒక్క క్షణంలో రంగు తిరిగింది. గుంట లేదు. రెండోది కూడా నొక్కమన్నాడు. నొక్కాను. ఇంకా గట్టిగా అన్నాడు. అమ్మ నొప్పికి కాలు లాక్కునేదాకా నొక్కాను. ఏమీ పడలేదు.

"పడనేదు మావా" అన్నాను. నాకు ఆనందం ఆగలేదు. చప్పట్లు కొట్టాను. పడనేదు, అమ్మకి గుంట పడనేదు అంటూ ఆ గదిలో గెంతాను. ఉయ్యాలలో ఉన్న తమ్ముడికి చెప్పాను. గుమ్మంలో నిలబడ్డ నాయనమ్మకి చెప్పాను. మావకి కూడా, ఆయనకి తెలియనట్టు, మళ్లీ చెప్పాను. ఆయన నన్ను చూసి నవ్వాడు.

అమ్మ తన కాలు చూసుకోలేదు. ఆయన కాలి మీద ఇంకా పూడని ఆ గుంటకేసే చూస్తూ ఉంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన అది గమనించి లుంగీ దించుకున్నాడు.

"నీకు తీసీసింది పిత్తం సంచి. అది నేకపోయినా మనిసి బతుకుతాడు. నాకు పోయినయి అలాటివి కావు. నాలుగు మెతుకులు తిను, సెల్లీ."

వచ్చినట్టే మూడుచోట్ల ఆగుతూ వెళ్లిపోయాడు. ఆ పూట అమ్మ అరగిన్నె గంజి తాగింది.

దానితో అంతా బాగుపడిపోయిందని చెప్పలేను. కోత ఒక చివర చీము పట్టింది. నర్సమ్మ వచ్చి కట్టు కడుతున్నప్పుడల్లా అమ్మ గోడకి తల ఆనించుకుని కళ్లు మూసుకునేది. పాలు మళ్లీ రాలేదు. డాక్టరుగారు ఇక ఎత్తుకోవచ్చని చెప్పిన రోజున తమ్ముణ్ణి చేతుల్లోకి తీసుకుంది. అప్పటికి వాడు బోర్లాపడి పాకడానికి చూస్తున్నాడు. వాడు ఆమె మొహం కేసి ఒకసారి చూసి, నాయనమ్మ కోసం చేతులు చాపి గుక్కపట్టాడు. అమ్మ వాణ్ణి అందించేసింది. ఆమె బతికింది, నిజమే. కానీ ఆ ఏడంతా ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినదానిలాగే ఉంది.

వానలు మొదలయ్యాక మావ రైలెక్కడం మానేశాడు. ఆ ప్రయాణం ఇక తన వల్ల కాదన్నాడు. మానేశాక ఎన్నాళ్లుంటారో మా ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. రెండు వారాలు తిరక్కుండా పోయాడు. ఆ రోజు అమ్మ డొక్క మీద చెయ్యి అదుముకుని, వానలో, ఎవరి సాయమూ లేకుండా ఆ ఇంటికి నడిచింది. నేను వెనకాల వెళ్లాను. ఆపరేషన్ తరవాత ఆమె గడప దాటి వేరే ఇంటికి వెళ్లడం అదే మొదలు.

మావ భార్య అమ్మ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. తరవాత నెమ్మదిగా చెప్పింది.

"మీ ఇంటికాడ నుంచి ఆ రోజు ఒచ్చి, సెల్లిది ఆ జబ్బు కాదు, బతుకుతాది అన్నాడు వదినా. అని గోడకేసి తిరిగి పడుకున్నాడు. సీకటి పడినా లెగనేదు. ఆ కాళ్లు నాకే సూపెట్టేవోడు కాదు. నూనె రాత్తానంటే లుంగీ కిందకి లాగీసుకునేవోడు."

అమ్మ ఏడ్చింది. ఆపరేషన్ అయినప్పటి నుంచి నేను ఆమె ఏడవగా చూడటం కూడా అదే మొదలు. ఏడుపుకి కోత పడ్డచోట లాగుతోందని ఒక చేత్తో అక్కడ అదుముకుంటూనే ఏడ్చింది. నేను గుమ్మం పక్కన నిలబడి నా చేతులు చూసుకున్నాను. ఆ గదిలో కొట్టిన చప్పట్లు అప్పుడు వినబడ్డాయి నాకు. భార్యకి కూడా చూపించని కాలు పదేళ్ల పిల్లచేత నొక్కించుకున్న మనిషి ముందు నేను గెంతాను. అలా గెంతాలనే ఆయన వచ్చాడని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది నిజమే కావచ్చు. అయినా ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకుంటాను.

అమ్మ ఇప్పటికీ ఉంది. నూనె తగలని కూరే తింటుంది. నేను టెక్కలిలో టీచరుగా పనిచేస్తున్నాను. మా ప్రాంతంలో పుట్టినవాళ్లం అందరం ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకుంటాం. నిరుడు పలాసలో పరీక్ష కాగితం కోసం కూర్చున్నప్పుడు నా పక్కన నా ఈడు ఆవిడ, పాదాలు చీర కుచ్చిళ్ల కింద దాచుకుని కూర్చుంది. ముందు నా పేరు పిలిచారు. అన్నీ బాగానే ఉన్నాయని కాగితం ఇచ్చారు. ఇంట్లో మా ఆయన ఫోను దగ్గర పెట్టుకుని ఎదురుచూస్తున్నాడని తెలిసినా అక్కడ ఫోను చెయ్యలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో అడుగున వేసుకుని, వెనక్కి వచ్చి ఆవిడ పక్కనే కూర్చున్నాను. మీదేమైందని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. ఆవిడ పేరు పిలిచినప్పుడు లేవడానికి చెయ్యి అందించి, తలుపు దాకా వెంట వెళ్లాను.