కాలి అంటే నిన్నా, రేపూ

నాకు కుదురు తక్కువ. పెళ్ళయి బరంపురం వచ్చిన కొత్తలోనే మా అత్తగారు ఆ మాట తేల్చేశారు. వడ్డించేటప్పుడు నిలబడతాను, తినేటప్పుడూ నిలబడే తింటాను, పొరపాటున కూర్చుంటే కాలు ఊపుతాను. అలాంటి మనిషిని, ఎప్పటికి పూర్తవుతుందో ఎవరూ చెప్పలేని ఒక చార్జింగ్ స్టేషన్‌కి ముడివేస్తే ఏమవుతుంది? అదే అయింది.

బడా బజార్‌లో మాది ఉల్లిపాయలు, బంగాళాదుంపల టోకు వ్యాపారం. దుకాణం మా బావగారిదీ, మా ఆయనదీ. మాట మాత్రం బావగారిదే. నేను దుకాణం వెనక వంటింట్లో ఉంటాను. బస్తాలు మోసే కళాసీలకి టీలు, లారీ డ్రైవర్లకి భోజనాలు, బేరానికొచ్చిన వాళ్ళకి పకోడీలు, అన్నీ నా చేతి మీదుగానే ముందు గదిలోకి వెళ్తాయి. నేను మాత్రం వెళ్ళను. ఒకసారి ఒక వ్యాపారి, "ఈ పకోడీల కోసమైనా మీ దగ్గరే సరుకు తీసుకోవాలండీ" అన్నాడట. బావగారు ఆ పొగడ్త తనకే అన్నట్టు ఇంటిల్లిపాదికీ చెప్పుకుని మురిసిపోయారు. నాకు ఒళ్ళు మండింది.

నాకంటూ ఒక చిన్న కొట్టు కావాలని మా ఆయన్ని అడగడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. అడిగినప్పుడల్లా ఆయన జవాబు ఒకటే. "కాలి సూద్దాంలేవే." కాలి అన్నది ఒడియా మాట. బరంపురం తెలుగువాళ్ళ నోట్లో సగం ఒడియా ఉంటుంది, అది తప్పని మేమెవరమూ అనుకోం. ఆ మాటలో ఉన్న చిత్రం ఏమిటంటే, కాలి అంటే రేపు, కాలి అంటే నిన్న కూడా. ముందూ వెనకా ఉన్న మాటల్ని బట్టి ఏదో తెలుసుకోవాలి. మా ఆయన చెప్పేది రేపేనని నేను చాలాకాలం నమ్మాను.

గోపాలపూర్ రోడ్డు మీద మాకు కొంత ఖాళీ స్థలం ఉంది. దాని మూలన షట్టరు వేసిన పాత గది ఒకటి. సముద్రం చూడ్డానికి వెళ్ళే కార్లన్నీ దాని ముందు నుంచే పోతాయి. కరెంటు కార్లకి చార్జింగ్ పెట్టే కంపెనీ ఒకటి గది వదిలేసి మిగతా స్థలం అద్దెకు తీసుకుంది. ఆ కబురు వినగానే నా కళ్ళకి కార్లు కనబడలేదు. కార్లోంచి దిగి, ఏం చెయ్యాలో తోచక నిలబడే మనుషులు కనబడ్డారు. పెట్రోలు పోయించుకున్నట్టు చిటికెలో అయ్యే పని కాదట అది. పిల్లలు ఆకలంటారు, పెద్దలు టీ దొరుకుతుందా అని చూస్తారు. ఈసారి మా ఆయన్ని కాదు, సరాసరి బావగారినే అడిగాను, ఆ గది నాకిమ్మని.

ఆయన చేతిలో ఉన్న చీటీలన్నీ లెక్కపెట్టుకున్నారు. నేను తలుపు పక్కన నిలబడి కొంగు మెలిపెడుతున్నాను.

"దసరాలోగా ఆ మిషన్లకి కరెంటొస్తే గది నీదేనమ్మా" అన్నారు చివరికి. "రాకపోతే మాత్రం గోడౌన్ సేసీస్తాను. ఈ వానలకి సరుకంతా ఇక్కడ కుళ్ళిపోతంది."

అంటే నా కొట్టు కరెంటువాళ్ళ చేతిలో పడిందన్నమాట.

ఇక రోజూ అక్కడికి పోవడమే నా పని. మధ్యాహ్నం వంట ముగించి, చేతులు కొంగుకి తుడుచుకుంటూనే ఆటో ఎక్కేసేదాన్ని. కేబులు కోసం కాలువలా పొడుగ్గా గొయ్యి తవ్వారు. వాన పడి అది నిండింది. మోటారు పెట్టి తోడారు. మళ్ళీ నిండింది. గొయ్యి వంకరగా ఉందని తవ్వేవాళ్ళతో గొడవ పెట్టుకున్నాను. గొయ్యి కాస్త వంకరైనా కేబులుకి ఫరవాలేదన్నారు. నాకు ఫరవా ఉంది అన్నాను. తర్వాత సిమెంటు దిమ్మలు లేచాయి, వాటి మీద రేకుల కప్పు లేచింది. మనిషెత్తు మిషన్లు ప్లాస్టిక్ చుట్టుకుని దిగాయి. దిగి అలాగే నిలబడిపోయాయి. ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ రాలేదు. అది రాకపోతే ఆ మిషన్లు ఉత్త బీరువాలు.

పని చూసే సూపర్‌వైజరు కొడల అనే ఊరి వైపు ఒడియా అతను. చాలా మంచివాడు. నన్ను మావుసీ అనేవాడు, మన పిన్ని లాగన్నమాట. నాకు ఒడియా బాగా వచ్చు మహాప్రభో అని ఎంత మొత్తుకున్నా వినకుండా, మర్యాద కోసం నాతో తెలుగే మాట్లాడేవాడు. టీవీలో సినిమాలు చూసి నేర్చుకున్న తెలుగు. అందులో తెలియని మాట అడ్డొస్తే అక్కడ ఒడియా మాట పెట్టి దాటేసేవాడు.

"ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడొస్తాది బాబూ?"

"కాలి, మావుసీ."

మర్నాడు వెళ్ళి నిలదీసేదాన్ని. "కాలి అన్నావు గదా, ఏదీ?"

"అవును మావుసీ. కాలి."

ఇంట్లో విన్న మాటే ఇక్కడా వినడానికి ఇంత దూరం రావాలా అని కడుపు మండిపోయేది. ఇంటికొస్తే మా ఆయన ఎత్తిపొడుపు.

"నువ్వెల్లి అక్కడ సేసే పనేటి? నువ్వు సూస్తే కరెంటు తొందరగా ఒచ్చీస్తాదా?"

"రాదు. ఎల్లకపోతే నాకు ఊపిరాడదు."

నిజంగానే ఆడేది కాదు. రాత్రి కన్ను మూస్తే ఉల్లిపాయల బస్తాలు నా గది నిండా పేర్చి ఉన్నట్టు కనిపించేది. అన్నేళ్ళు అడిగాక, దొరికీ దొరకకుండా పోతే ఇక జన్మలో మళ్ళీ అడగలేనని నాకు భయం.

దసరా దగ్గర పడింది. ముసురు పట్టి, ఇంట్లో చుట్టాలు దిగి, నేను అటు వెళ్ళలేకపోయాను. ఒక ఉదయం గిన్నెలు కడుగుతుంటే మా ఆయన ముఖం వేలాడేసుకుని వంటింట్లోకి వచ్చారు.

"ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోనాదటే."

"ఎవరన్నారు?"

"సూపర్‌వైజరే ఫోన్ సేసినాడు. 'సార్, ట్రాన్స్‌ఫార్మర్ కాలి పోయింది' అన్నాడు. అంతలో లైను తెగిపోనాది. మళ్ళీ సేస్తే కలవట్లేదు."

నేను పీట మీద కూర్చుండిపోయాను. మా అత్తగారు ఉంటే ఆశ్చర్యపోయేవారు. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక, కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడిగాను. బావగారికి కబురు తెలిసింది. ఆయన ఎగతాళి చేసి ఉంటే తిరగబడేదాన్నేమో. "పోనీలే అమ్మా, మనం ఏటి సెయ్యగలం" అని మెత్తగా అన్నారు. ఆ మెత్తదనమే నన్ను చంపేసింది. సందు చివర సరుకుతో ఆగి ఉన్న లారీని గోపాలపూర్ రోడ్డుకి పోనిమ్మన్నారు. గది తాళంచెవి జేబులో వేసుకుని తనే డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నారు.

లారీ కదిలిన చప్పుడు వినబడ్డాక ఇక నేను ఇంట్లో నిలవలేకపోయాను.

"స్కూటర్ తియ్యండి."

"ఎందుకే? ఎల్లి సూసి ఏడవడానికా?"

"కాలిపోతే కాలిన పెట్టెనైనా సూడాలి. తియ్యండి."

మేము చేరేసరికి లారీ వెనక్కి తిరిగి షట్టరు ముందు ఆగుతోంది. కళాసీలు తాళ్ళు విప్పుతున్నారు. నేను అటు చూడలేదు. స్థలం చివర రెండు స్తంభాల మధ్య, ఎత్తున, ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. కొత్తది. వానకి తడిసి నిగనిగలాడుతోంది. ఎక్కడా మసి మరక లేదు. సూపర్‌వైజరు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఏటిది? కాలిపోయిందన్నావట గదా!" అన్నాను.

"అవును మావుసీ. స్టోర్ నుంచి కాలి పోయింది. ఇక్కడికే పోయింది. పొద్దున్న ఎక్కించాం."

నేనూ మా ఆయనా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నిన్న బయల్దేరింది అని చెప్పాడు పాపం. ఒడియాలో 'కాలి గలా' అని ఉంటే మా ఆయనకి చటుక్కున అర్థమయ్యేది. మా మీద గౌరవం కొద్దీ తెలుగులో చెప్పాడు. మేమూ తెలుగులోనే విన్నాం. మా ఆయన కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఇంకెప్పుడైనా నాతో తెలుగు మాటాడేవంటే సూడు!" అని అతని మీద విరుచుకుపడ్డాను. ఏం తప్పు చేశాడో అతనికి ఈనాటికీ పూర్తిగా అర్థం కాలేదు.

అంతలో స్తంభం మీంచి లైన్‌మన్ ఏదో కేక వేశాడు. కింద ఒకతను స్విచ్చి వేశాడు. మిషన్ల మీద పచ్చదీపాలు వెలిగాయి.

బావగారు షట్టరు దగ్గర్నుంచి మెల్లగా నడిచొచ్చారు. దీపాల వంక చూశారు, ట్రాన్స్‌ఫార్మర్ వంక చూశారు, సరుకుతో నిండిన లారీ వంక చూశారు.

"ఒచ్చీసిందన్నమాట" అన్నారు.

"ఒచ్చీసింది బావగారూ."

"మంచిదే. సరుకు మాత్రం ఇంత దూరం ఒచ్చీసింది గదా. ఇప్పటికి దించీనీ. నీ కొట్టు సంగతి కాలి సూద్దాం."

ఆయన చెడ్డగా అనలేదు. మా ఇంట్లో ఎప్పుడూ అనే మాటే అలవాటుగా అన్నారు. ఆ మాట రేపు కాదని, నేను ఎప్పుడు అడిగినా అది దాటిపోయిన నిన్నేనని నాకు అప్పుడు తెలిసింది. ఆయన ఎదుట నేను ఎన్నడూ గొంతెత్తలేదు, తలుపు చాటు దాటి మాట్లాడలేదు. వెళ్ళి ఎదురుగా నిలబడి చెయ్యి చాపాను.

"కాలి కాదు బావగారూ. ఆజి."

ఆజి అంటే ఈ రోజు. ఒడియాలో దానికి రెండో అర్థం లేదు.

మా ఆయన నవ్వు ఆగిపోయింది. లారీ పక్కన ఒక కళాసీ బస్తా వీపు మీద వేసుకుని, వంగి, దించాలా వద్దా అని చూస్తున్నాడు. బావగారు జేబులో చెయ్యి పెట్టి, కాసేపు అక్కడే ఉంచేసి, తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టారు. నా ముఖంలోకి చూడలేదు. లారీ వైపు తిరిగారు.

"తాళ్ళు కట్టీండి. లారీ ఎనక్కి పోనీ" అన్నారు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఆ కళాసీతో, "నువ్వు ఎత్తిన బస్తా ఒక్కటీ దించీ. పకోడీలకి కావాల గదా" అన్నారు.

తాళం తీసి షట్టరు పైకి లేపాను. లోపల కుర్చీ లేదు, బల్ల లేదు. ఆ ఉల్లిపాయల బస్తా గుమ్మంలో వేయించుకుని, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను.