సుబ్బాయమ్మ చెప్పిన జోస్యం

కడియం దగ్గర ఒక ఊళ్లో సుబ్బాయమ్మ అంగన్‌వాడీ టీచరు. 1990లో ఉద్యోగంలో చేరగానే శిక్షణకని కాకినాడ పంపారు. బిడ్డ ఏ నెలలో బోర్లా పడాలో, ఎప్పటికి కూర్చోవాలో, నడవాలో అక్కడ చెప్పారు. ఇవన్నీ బాగా ఆలస్యమైన పిల్లల్లో కొందరు చదువులో కూడా వెనకబడొచ్చన్నారు. ఆ ‘కొందరు’ అన్న మాట సుబ్బాయమ్మ తలకెక్కలేదు.

తిరిగొచ్చేసరికి రైతు తాతాజీ కొడుకు గణేష్‌బాబు తొమ్మిదో నెలకే గడప దాటి వీధిలో నడిచేస్తున్నాడు. మొక్కల నర్సరీలో కూలికెళ్లే సూర్యకళ కూతురు హారతికి ఇరవై నెలలు నిండినా గోడ పట్టుకుని నిలబడటం కూడా రాలేదు.

“మీవాడికేంటండీ, కలెక్టరైపోతాడు!” అంది సుబ్బాయమ్మ, గణేష్‌బాబు తల్లి మీనాకుమారితో. సూర్యకళతో మాత్రం, “ఈ పిల్లకి చదువబ్బదు. ఏదైనా చేతిపని నేర్పించుకో” అనేసింది.

 మర్నాటి నుంచి సూర్యకళ పిల్లని కేంద్రానికి తేవడం మానేసింది. హారతి రెండేళ్లు దాటాక నడిచింది. ఆ కబురు వేరేవాళ్లు చెబితే తెలిసింది సుబ్బాయమ్మకి. అన్న మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది గానీ, వెళ్లి పలకరించడానికి మొహం చెల్లలేదు.

2005 వేసవిలో పదో తరగతి ఫలితాలొచ్చాయి. హారతికి ఐదు వందల నలభై ఒక్క మార్కులు. గణేష్‌బాబు లెక్కల్లో తప్పాడు.

ఆ సాయంత్రం కూతుర్ని వెంటబెట్టుకుని సూర్యకళ వస్తుంటే, ఇక దులిపేస్తుందనే అనుకుంది సుబ్బాయమ్మ. సూర్యకళ మిఠాయి పొట్లం చేతిలో పెట్టింది.

“మీ చలవేనండి టీచరుగారూ!”

“నా చలవేంటే? నేనన్న మాట మర్చిపోయావా?”

“ఎలా మర్చిపోతానండీ? చేతిపని నేర్పమన్నారని నర్సరీలో పక్కనే కూర్చోబెట్టుకునేదాన్ని. చిన్న చిన్న సంచుల్లో మట్టి నింపేది, విత్తనాలు గుచ్చేది. బళ్లో వేసేసరికి వేళ్లు బాగా తిరిగి అక్షరాలు ముత్యాల్లా రాసిందండి. మీరనబట్టే కదండీ.”

 తను చెప్పింది తప్పయిందా, ఆ తప్పే మేలు చేసిందా అనుకుంటూ సుబ్బాయమ్మ హారతి కేసి తిరిగింది.

“నువ్వు చెప్పవే, నిజంగా మట్టి పనివల్లేనా?”

హారతి తల్లి మొహం చూసి, “ఏమోనండి. నాకు చదువంటే ఇష్టం, అంతే” అంది.

వాళ్లు వెళ్లాక మీనాకుమారి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. “కలెక్టరవుతాడన్నారు కదండీ. ఆ మాట నమ్మి వాణ్ని ఎప్పుడూ దగ్గర కూర్చుని చదివించలేదు. వాడే చదువుకుంటాడులే అనుకున్నాను.”

అదీ తన వల్లేనా? సుబ్బాయమ్మకి మతిపోయినట్టయింది. మీనాకుమారి చెయ్యి పట్టుకుని, “నాకేం తెలియదమ్మా, తెలిసినట్టు మాట్లాడాను. రేపట్నుంచి మీవాణ్ని నా దగ్గరికి పంపండి. నాకొచ్చిన లెక్కలేవో చెబుతాను” అంది.

గణేష్‌బాబు రెండోసారికి బొటాబొటిగా గట్టెక్కాడు.

ఆ తర్వాత ఏ తల్లయినా పిల్ల నడవడం లేదని వస్తే సుబ్బాయమ్మ డాక్టరు దగ్గరికి తనే వెంట వెళ్లేది. “చదువు మాటేంటండీ?” అని అడిగితే మాత్రం, “అది నాకు తెలియదమ్మా” అనేది.