పుల్ల ఫోనూ, బటన్ల ఫోనూ, చాచా ఇంటి షామియానా

ఆ రోజుల్లో పాతబస్తీ మొత్తానికీ స్మార్ట్‌ఫోన్ అన్నది ఒక్కటే ఉండేదనీ, అది నా చొక్కా జేబులోనే ఉండేదనీ ఇప్పటికి కనీసం వందమందికి చెప్పి ఉంటాను. చార్మినార్ చూడటానికి వచ్చినవాళ్ళు పనిలో పనిగా నా ఫోన్ కూడా చూసి పోయేవారని ఒకటి రెండు పెళ్ళిళ్ళలో అన్నట్టు గుర్తు. ఈ మధ్య మా అబ్బాయీ అల్లుడూ అన్నాల దగ్గర కూర్చుని, ఎవరి ఫోన్ లోపలి వ్యవస్థ గొప్పదో తేల్చుకోవడానికి పప్పు చల్లారేదాకా కొట్లాడుకుంటుంటే విసుగు పుట్టి, "ఈ యుద్ధం మీరు పాలు తాగే రోజుల్లోనే నేను చేసి గెలిచిన" అని గదిమాను. గెలిచానన్నది అబద్ధం. పాతబస్తీలో మొదటి ఫోన్ నాదే అన్నదీ అబద్ధమే. ఆబిడ్స్ వెనక సందులో నాకు దాన్ని అమ్మినవాడు నాకు ముందు ఇద్దరు వాడారని చెప్పాడు, దాని వీపు మీద గీతలు చూస్తే నలుగురని తెలుస్తూనే ఉంది. అప్పటికి నాకు నలభై నిండలేదు. (దాన్ని యౌవనం అనడానికి మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.)

బహదూర్‌పురాలో మాకు ఒక సప్లయింగ్ కంపెనీ ఉండేది. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. షామియానాలు, కుర్చీలు, వంట డేగిషాలు పెళ్ళిళ్ళకు పంపే దుకాణం, దాని వెనక ఒక రేకుల గోదాము. నేనూ, నాకంటే రెండేళ్ళు చిన్నవాడైన భాయ్, ఇద్దరం భాగస్తులం. భాయ్ వాళ్ళ నాన్న పెట్టిన దుకాణం అది. నేను లెక్కలు తెలిసినవాడినని నన్ను చేర్చుకున్నారు. (లెక్కలు తెలుసని నేనే చెప్పాను.) పన్నెండేళ్ళు ఒకరి టిఫిన్ డబ్బాలో ఒకరం చెయ్యి పెట్టి తిన్నాం, మాటా మాటా అనుకోలేదు. ఆ సంవత్సరం ఇద్దరం వారం తేడాతో చెరొక తెలివైన ఫోన్ కొన్నాం. అంతే, దుకాణం రెండు దేశాలైపోయింది.

నాది పుల్ల ఫోన్. అంటే అద్దం మీద వేలితో కాక, పక్కన దోపుకున్న ప్లాస్టిక్ పుల్లతో పొడవాలి. దాని లోపలంతా ఆఫీసు కంప్యూటర్ లాగే ఉండేది. మూల నొక్కితే జాబితా తెరుచుకునేది, టైపు చేసిన ఉత్తరాలు చదువుకోవచ్చు, పుల్లతో అద్దం మీద రాస్తే అది అచ్చక్షరాలుగా మార్చేది. (నేను కుర్చీలు రెండొందలని రాస్తే దానికి తోచిందేదో వేసుకునేది, అది వేరే సంగతి.) భాయ్‌ది బటన్ల ఫోన్. జేబులోంచి తీయకుండానే బొటనవేలితో నంబర్ కొట్టేవాడు. చార్జింగు మూడు రోజులు ఆగేది. నాది పొద్దున నింపితే మధ్యాహ్నం నమాజు పిలుపుకల్లా నీరసించేది, పూర్తిగా ఆరిపోయిందంటే లోపల దాచినదంతా మరిచిపోయి, అప్పుడే పుట్టిన పసిబిడ్డలా నన్ను 'మీరెవరు' అన్నట్టు చూసేది. అన్నిటికంటే నన్ను ఏడిపించింది దాని మూల ఉండే గుణకారం గుర్తు. దాన్ని నొక్కితే పని మూసేసినట్టు నటించేది గానీ మూసేది కాదు, తెర వెనక దాచుకునేది. అలా పది పనులు దాచుకుని, ఊపిరాడక బిగుసుకుపోయేది. అప్పుడు వెనకనున్న చిన్న బొక్కలో పిన్నీసు గుచ్చి లేపాలి. మా ఆవిడ పిన్నీసులన్నీ ఆ ఏడాది నా జేబులోనే ఉండేవి.

"అన్నా, నీది ఫోనా, పేషెంటా? పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది," అనేవాడు భాయ్.

"నీదాంట్ల ఒక్క ఉత్తరం తెరిచి సూపెట్టు భాయ్, సూద్దాం! అగ్గిపెట్టెంత తెర. ఏది నొక్కినా 'నిజంగా చెయ్యమంటవా, ఖాయమా' అని అడుగుడే."

"అడుగుతది. మర్యాద తెల్సిన ఫోన్. నీది అడగకుంటనే సచ్చిపోతది."

ఆ మర్యాదస్తురాలు ఒకసారి పత్తర్‌గట్టి బజారు గుంపులో పరువు తీసింది. గాల్లోంచి ఎవడి ఫోన్ నుంచో ఒక వైరస్ రోగం వచ్చి, లోపలికి రానిస్తావా అని అడిగింది. భాయ్ వద్దన్నాడు. మళ్ళీ అడిగింది. వద్దన్నాడు. పదిహేనోసారి అడిగేసరికి "హావ్, రా, సావు!" అని నొక్కాడు. ఆ రోజంతా ఆ ఫోన్ దారిన పోయే ప్రతి ఫోన్‌కూ అదే రోగాన్ని అంటగట్టింది. నేను ఆ సంతోషంలో గోదాములో అందరికీ చాయ్ తాగించాను.

ఇంతవరకూ నష్టం లేదు. నష్టం ఎర్ర అట్ట డైరీని అటక ఎక్కించడంతో మొదలైంది. ఎక్కించింది నేనే. భాయ్ వాళ్ళ నాన్న నాటి నుంచి ప్రతి బుకింగూ ఆ డైరీలో రాసేవాళ్ళం. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది: ప్రతి పేరుకూ రెండు తారీఖులు. ఎడమ పక్క ఇంగ్లీషు తారీఖు, కుడి పక్క మన పెళ్ళయితే తిథి, వాళ్ళ పెళ్ళయితే చాంద్ తారీఖు, అంటే నెలవంక లెక్క. రెండూ పొసగకపోతే పార్టీని కూర్చోబెట్టి అడగాలి. "ఈ కాలంలో రెండేసి తారీఖులు రాసుడేంది భాయ్, ఫోన్ల ఏస్తే అదే మొత్తుకొని లేపుతది" అని నేనూ, "సరే, నీదాంట్ల ఏసి నాదాంట్లకు పంపు, ఎవలది ముందు మొత్తుకుంటదో సూద్దాం" అని వాడూ పంతానికి పోయాం. పంపడమంటే రెండు ఫోన్లనూ బల్ల మీద నెత్తికి నెత్తి ఆనించి కదలకుండా పట్టుకోవాలి. నాకు అన్నం తెచ్చిన మా ఆవిడ అది చూసి "పొట్టేళ్ళా?" అని ఒక్క మాట అని వెళ్ళిపోయింది.

అప్పుడొచ్చాడు ఇస్త్రీ చాచా. కిషన్‌బాగ్‌లో సందు మొదట్లో ఇస్త్రీ బండి ఆయనది. చుట్టుపక్కల నలభై ఇళ్ళ బట్టలు ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి. మనవరాలి నిఖా. తండ్రి లేని పిల్ల, ఈయనే పెంచాడు. పిల్లవాడి వాళ్ళు పెద్ద కుటుంబం, వందమంది దాకా బరాత్‌తో వస్తారట. "బేటా, నాకు హాలు గీలు లేదు. మా గల్లీయే హాలు. నీ షామియానా ఉంటెనే అది పెండ్లిల్లు, లేకుంటె మోరీ పక్క సడక్. నా ఇజ్జత్ నీ చేతిల పెడుతున్న," అన్నాడు. ఎప్పుడంటే "శవ్వాల్ పంద్రా కీ రాత్" అన్నాడు. శవ్వాల్ అంటే రంజాన్ తర్వాతి నెల, దానిలో పదిహేనో రాత్రి. అప్పుడు భాయ్ దుకాణంలో లేడు. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను. గురువారం గడిలో మూలన చిన్న అంకెల్లో పదిహేను అని ఉంది. పుల్లతో గురువారం మీద పొడిచాను. ఫోన్ టింగుమంది. చాచా ఆ చప్పుడుకే మురిసిపోయాడు. సాయంత్రం భాయ్ రాగానే పొట్టేళ్ళను ఆనించి గురువారాన్ని అటు పంపించాను.

బుధవారం సాయంత్రం, మా పెద్ద షామియానా పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణం వాళ్ళ దావత్‌కు కట్టి ఉండగా, భాయ్ ఫోన్ మోగింది. వాడు విని, ముఖం పాలిపోయి, నాకిచ్చాడు. "షామియానా ఏది బేటా? కింద పరిచే దరీ గూడ రాలే, బరాత్ ఇషా నమాజ్ అయినంక బయల్దేరుతది," అంటున్నాడు చాచా.

"రేపు కదా చాచా!" అన్నాను ధీమాగా, పుల్లతో తెర మీద గురువారాన్ని పొడుస్తూ.

చాచా మెల్లగా అన్నాడు: "పంద్రా కీ రాత్ అన్న బేటా. మగ్రిబ్ అయింది గద. పంద్రా లగ్ గయీ."

మగ్రిబ్ అంటే పొద్దుగూకే వేళ నమాజు. చాంద్ లెక్కలో అప్పుడే కొత్త తారీఖు మొదలవుతుంది, అంటే పదిహేను వచ్చేసింది. రాత్రి ముందు, పగలు తర్వాత. పదిహేనో పగలు గురువారమైతే, పదిహేనో రాత్రి బుధవారమే. ఇది బహదూర్‌పురాలో పుట్టి పెరిగిన నాకు తెలియక కాదు. డైరీలో కుడి పక్క రాయడానికి పెన్ను పెడితే చెయ్యి దానంతటదే ఆగేది, "ఏ రాత్?" అని నోరు దానంతటదే అడిగేది. ఫోన్‌లో ఆ కుడి పక్క లేదు. నాదాంట్లోనూ లేదు, భాయ్‌దాంట్లోనూ లేదు. నెలల తరబడి ఏది గొప్ప, ఏది చెత్త అని గొంతులు చించుకున్నాం కదా, రెండింటికీ తారీఖు అర్ధరాత్రే మారుతుంది. ఆ ఒక్క విషయంలో రెండూ కలిసికట్టుగా మా కొంప ముంచాయి.

"నీ పుల్ల ఇరగ!" అన్నాడు భాయ్. పన్నెండేళ్ళలో అదే మొదటి తిట్టు. పత్తర్‌గట్టికి ఫోన్ చేద్దామని నాది తీశాను. బిగుసుకుపోయింది. పిన్నీసు గుచ్చాను. లేచి, నెమ్మదిగా సంగీతం వాయించి, నన్ను ఏ దేశం వాడివని అడిగింది. నేను దాన్ని గోడకేసి కొట్టబోతే భాయ్ చెయ్యి పట్టుకుని, తన ఫోన్‌లో బొటనవేలితో కొట్టాడు. అక్కడ దావత్ సగంలో ఉంది, గుడ్డ విప్పేది లేదన్నారు. గోదాములో మిగిలినవి వెదురు కర్రలు, తాళ్ళు, కుర్చీలు, దరీలు. కప్పడానికి గుడ్డ లేదు. ఉన్నవే ట్రాలీ ఆటోలో వేసుకుని కిషన్‌బాగ్ వెళ్ళాం.

చాచా తెల్ల షేర్వానీ వేసుకుని గల్లీ మొదట్లో నిలబడి ఉన్నాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! కర్రల వంక చూశాడు, పైన ఖాళీగా ఉన్న ఆకాశం వంక చూశాడు. "మీ అబ్బాజాన్ ఉన్నప్పటి సంది మీకాడనే తీసుకుంటున్న బేటా," అని భాయ్‌తో అన్నాడు. అంతే.

అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. ఇస్త్రీ బండి పక్కన, అరుగు మీద, మూటలు మూటలుగా నలభై ఇళ్ళ దుప్పట్లు! నేను గట్టిగా అరిచాను: "చాచా, మూటలిప్పు!" నిచ్చెనెక్కాను, తాళ్ళు లాగాను, దుప్పటికి దుప్పటి ముడివేశాను. పూల దుప్పట్లు, గళ్ళ దుప్పట్లు, మధ్యలో నెమలి బొమ్మది ఒకటి. బ్యాండు చప్పుడు సందు తిరిగేసరికి గల్లీ అంతా కప్పు పడింది. అంత నున్నగా ఇస్త్రీ చేసిన షామియానా హైదరాబాద్‌లో ఎవరూ చూసి ఉండరు. బరాత్ వాళ్ళు తలలెత్తి చూసి ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకున్నారు. చుట్టాలు గుర్తుపట్టలేదు గానీ ఇరుగుపొరుగువాళ్ళు పట్టేశారు. "అగో, గది మాది!" అని ఒకామె, "నెమలి మాది, మేం దాని కిందనే కూసుంటం" అని ఇంకొకాయన. ఖాజీ గారు రాసుకుంటూ పైకి చూసి, నవ్వు ఆపుకోలేక కలం పక్కన పెట్టారు. నిఖా అయింది. చాచా నా భుజం మీద చెయ్యి వేసి ఒక్కసారి నొక్కాడు.

మర్నాడు ఆ దుప్పట్లన్నీ నేనూ భాయ్ గోదాములో ఉతికి ఆరేశాం, చాచా మళ్ళీ ఇస్త్రీ చేశాడు. ఎర్ర డైరీ అటక దిగింది. ఫోన్ల మీద కొట్లాట ఆగలేదు, కాకపోతే దానిలో వేడి పోయింది. ఇప్పుడు మా అబ్బాయీ అల్లుడూ అరుచుకుంటుంటే, పిన్నీసుల జేబుతో ఛాతీ విరుచుకుని పాతబస్తీలో తిరిగిన ఆ మనిషి గుర్తొస్తాడు. వాణ్ణి చూస్తే ఒళ్ళు మండుతుంది, వాడి మీద ముద్దూ వస్తుంది.

ఇదంతా రాసి, పత్రికకు పంపే ముందు భాయ్‌కి చదివి వినిపించాను. (తెలుగు గడగడా మాట్లాడతాడు, చదవడం రాదు.) కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. కప్పులో మిగిలిన చాయ్ తాగేశాడు. తర్వాత అన్నాడు:

"మంచిగ రాసినవ్ అన్నా. గని దుప్పట్ల మాట చెప్పింది పెండ్లిపిల్ల, కిటికీలకెల్లి. నిచ్చెనెక్కింది నేను. నువ్వు చాచాకు మొఖం సూపెట్టనీకె భయపడి ఆటోల కుర్చీల ఎనక దాక్కున్నవ్. బిర్యానీ పెట్టినంకనే దిగినవ్. గది రాయి."