థెల్మా ముందుగది గోడలు

ఫిబ్రవరిలో ఏరు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు పక్కింటి నార్మన్ మెట్ల మీద కూర్చుని, మురికినీళ్ళు ఒక్కో మెట్టే ఎక్కి రావడం చూశాడు. పడవవాళ్ళు వచ్చేదాకా భార్య థెల్మా చెయ్యి వదల్లేదు. ఆ తర్వాత కొండ మీద కూతురు జానిస్ ఇంటికి వెళ్ళినవాడు, మళ్ళీ కిందికి దిగనన్నాడు.

"ఇల్లు అమ్మేద్దాం. ఆ గోడలు చూస్తే నాకు ఆ నీళ్ళే కనిపిస్తాయి."

"అయితే ఆ గోడలు కనబడకుండా చేస్తా," అంది థెల్మా.

ఆవిడ బడి వంటశాలలో బంగాళాదుంపలు ఉడికించి రిటైరైన మనిషి. పళ్ళెంలో క్యాబేజీ వదిలేసిన పిల్లాణ్ణి లేవనిచ్చేది కాదని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. బీమా కంపెనీవాళ్ళు తడిసిన ప్లాస్టరు ఇటుకలదాకా గీకేసి, కొత్తది వేసి వెళ్ళిపోయారు. రంగు వేసే పని మాత్రం ఆవిడకే వదిలారు. అంతవరకూ ఆ ఇంట్లో బ్రష్ పట్టింది నార్మన్ ఒక్కడే.

జానిస్ ఆవిణ్ణి ఊరిబయట పెద్ద దుకాణానికి తీసుకెళ్ళింది. మొక్కలూ దీపాలూ అమ్మే చోటే ముచ్చటైన చిన్న డబ్బాల్లో ఎమల్షన్ రంగులు. థెల్మా లేత పసుపు ఎంచుకుంది. తుడిస్తే మరకలు పోతాయని డబ్బా మీద రాసి ఉంది. నిచ్చెన వేసుకుని తానే వేసింది. రెండు వారాలకు గోడ నిండా పొక్కులు. ఒకదాని అంచు పట్టుకుని లాగితే, పాల మీద మీగడలా రంగంతా ఊడి చేతికొచ్చింది.

"అమ్మా, ఇక చాల్లే. నాన్న చెప్పినట్టు అమ్మేద్దాం," అంది జానిస్.

"చెడగొట్టింది నేనే కదా. బాగుచేసుకోవద్దూ?"

మర్నాడు పొద్దున్నే బస్సు డిపో వెనకాల పెయింటర్లు కొనుక్కునే కొట్టుకి వెళ్ళింది. తెల్ల ప్యాంట్ల పెయింటర్లు టీలు తాగుతున్నారు. కౌంటరులో బారీ అనే అతను తలెత్తి చూశాడు.

"ఇది పనివాళ్ళ కొట్టు తల్లీ. ఇళ్ళకి కావలసినవి పెద్ద దుకాణంలో దొరుకుతాయి."

"అక్కడ కొన్నదే ఇది," అంటూ థెల్మా చేతిసంచిలోంచి ఊడిన రంగుపొర తీసి కౌంటరు మీద పరిచింది. టీ తాగుతున్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. బారీ నవ్వు ఆపుకుని అడిగాడు.

"కొత్త ప్లాస్టరా?"

"అవును."

"రంగులో తప్పు లేదమ్మా. అది పాత గోడలకి బాగుంటుంది. కొత్త గోడలో ఇంకా చెమ్మ ఉంటుంది. మీరు దాని ముక్కు మూసేశారు. పైగా మొదటి పూతే చిక్కగా వేసుంటారు."

అతను ఓ పెద్ద బకెట్టు ముందుకు జరిపాడు. "పనివాళ్ళు వాడే ట్రేడ్ ఎమల్షన్ ఇది. నీళ్ళు కలిపి పల్చటి పాలలా చేసి మొదటి పూత వేస్తే గోడ పీల్చుకుంటుంది. చెమ్మ బయటికి పోతుంది. కానీ మెరుపుండదు, తడిగుడ్డతో తుడిస్తే మచ్చ పడుతుంది. ఉన్నది తెలుపొక్కటే."

థెల్మాకి తెలుపంటే ఆసుపత్రి గుర్తొస్తుంది. అయినా పర్సు తీసింది.

"ఇవ్వు."

"మోయగలరా?"

"బంగాళాదుంప బస్తాలు మోసినదాన్నయ్యా!"

వారమంతా మా రెండిళ్ళ మధ్యగోడలోంచి గీకుడు శబ్దం వినిపించింది. సాయం వస్తానంటే, "నీ ఇల్లు ఆరిందా? ముందు అది చూసుకో," అని నన్ను పంపేసింది. పల్చటి పూత వేసిన రోజు ఆవిడ జుట్టూ కళ్ళద్దాలూ తెల్లబడ్డాయి, గోడ మాత్రం చారలు చారలుగా ఉంది. రెండో పూతకి చారలు మాయమయ్యాయి.

నిచ్చెన సంగతి జానిస్ నోరు జారి తండ్రికి చెప్పేసినట్టుంది. ఇంటి చెప్పులతోనే నార్మన్ కొండ దిగి వచ్చాడు. అరుపులు విని నేనూ బయటికొచ్చాను.

"మతి పోయిందా నీకు? ఆ మోకాలితో నిచ్చెన ఎక్కుతావా?"

"మరెవరెక్కుతారు? ఎక్కాల్సినవాడు కొండెక్కి కూర్చున్నాడు!"

ఆయన గడప దాటలేదు. అక్కణ్ణించే చెయ్యి చాపి గోడ తాకి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"తడి!" అన్నాడు.

"రంగు తడి, నార్మన్," అంది థెల్మా మెల్లగా. "చూడు, తెల్లగా అంటింది."

వేళ్ళకేసి చూసుకున్నాడు. తర్వాత పైకప్పు అంచుకేసి చూశాడు. అక్కడ రంగు గీత వంకరటింకరగా ఉంది.

"ఎవరైనా బ్రష్‌ని గరిటెలా పట్టుకుంటారటే?" అని లోపలికి నడిచాడు.

ఆ సాయంత్రం మళ్ళీ కొండెక్కి వెళ్ళిపోయాడు. థెల్మా ఉండమనలేదు. మర్నాడు తనే వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. ఆకులు రాలే వేళకి రేడియోతో సహా వచ్చేశాడు. వాన పెద్దదైతే ఇప్పటికీ కిటికీ వదలడు. అప్పుడు థెల్మా కూడా కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చుంటుంది.

ఇప్పుడు వంటగది పని మొదలైంది. తుడిస్తే నూనె మరకలు పోయే రంగు కావాలని ఆవిడ, గోడ పూర్తిగా ఆరలేదని ఆయన. ఆ వాదన మా ఇంటిదాకా వినిపిస్తూనే ఉంది.